‘రీప్రొడ్యూస్’ అంటే కాపీ తీయడమా, పిల్లల్ని కనడమా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఒకే వారంలో రీప్రొడ్యూస్ అనే మాట మీకు నాలుగు చోట్ల ఎదురైంది. ఆఫీసులో మీరు పెట్టిన బగ్ రిపోర్టుకు, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందని చేసిన ఫిర్యాదుకు, ‘కెనాట్ రీప్రొడ్యూస్’ అని జవాబొచ్చింది. ఒక పుస్తకం మొదటి పేజీల్లో అనుమతి లేకుండా ఏ భాగాన్నీ రీప్రొడ్యూస్ చేయకూడదని ఉంది. మీ పాప సైన్సు పాఠంలో అమీబా రీప్రొడ్యూస్ చేస్తోంది. గోడకు తగిలించిన ఒక బొమ్మ కింద ‘రీప్రొడక్షన్’ అని రాసి ఉంది. నిఘంటువు తీస్తే నకలు తీయడం, సంతానం పొందడం రెండూ పక్కపక్కనే కనిపించాయి. వీటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధం, కాపీ, డూప్లికేట్, రెప్లికేట్ అనే మాటలతో తేడా ఏమిటి, తెలుగులో ఏమనాలి అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఎక్కువగా ఆరోగ్యం, సైన్సు, సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి. ఈ మాట దగ్గర ప్రతిసారీ ఆగి ఆలోచిస్తాను. ఒకసారి ఆగకుండా వెళ్లిపోయి పెద్ద తప్పు చేశాను. దాని గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఈ మాట అసలు సంగతి నాకు అర్థమైంది ఆ తప్పు వల్లే.

ముందు మాటను విప్పి చూద్దాం. రీ అంటే మళ్లీ. ప్రొడ్యూస్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ప్రో అంటే ముందుకు, డూకెరె అంటే నడిపించడం, తీసుకురావడం. ఇంట్రొడ్యూస్, రెడ్యూస్, కండక్ట్ అన్నీ ఆ డూకెరె ఇంటి పిల్లలే. అంటే ప్రొడ్యూస్‌కు మొదటి అర్థం తయారుచేయడం కాదు, ముందుకు తీసుకురావడం. ఈ పాత అర్థం మనకు తెలియనిదేమీ కాదు. ‘నిందితుణ్ణి కోర్టులో ప్రొడ్యూస్ చేశారు’ అని రోజూ వింటాం. అక్కడ ఎవరూ నిందితుణ్ణి తయారుచేయలేదు, తెచ్చి జడ్జి ముందు నిలబెట్టారు. కాబట్టి రీప్రొడ్యూస్ అంటే ఒకసారి బయటికి వచ్చినదాన్ని మళ్లీ బయటికి వచ్చేలా చేయడం. బొమ్మ మళ్లీ కాగితం మీదికి రావచ్చు, జీవి మళ్లీ పిల్ల రూపంలో రావచ్చు, ప్రయోగం ఫలితం మళ్లీ రావచ్చు, కంప్యూటర్లో తప్పు మళ్లీ రావచ్చు. నాలుగు చోట్లా జరిగే పని ఒక్కటే: ‘మళ్లీ రావడం’. ఏది వస్తోంది, ఎక్కణ్నుంచి వస్తోంది అనేదే మారుతుంది.

కాపీతో తేడా ఇక్కడే ఉంది. కాపీ చేయాలంటే అసలు వస్తువు ఎదురుగా ఉండాలి. దాన్ని చూస్తూ దాని పక్కన ఇంకోటి పెడతాం. చిన్నప్పుడు రాసిన చూచిరాత అచ్చంగా కాపీయే. దానికి అర్థం తెలియాల్సిన పని కూడా లేదు. మనకు ‘మక్కికి మక్కి’ అనే మాట ఉంది కదా. హిందీలో మక్కి అంటే ఈగ. పాత రాతప్రతిలో అక్షరాల మధ్య ఈగ ఒకటి చచ్చి అతుక్కుపోయి ఉంటే, నకలు రాసే ఆయన తన ప్రతిలోనూ సరిగ్గా అదే చోట ఒక ఈగను చంపి అతికించాడట. కాపీ స్వభావం మొత్తం ఆ కథలో ఉంది. ఆ ఈగ అక్కడికి ఎందుకొచ్చిందో రాసేవాడికి అక్కర్లేదు.

రీప్రొడ్యూస్ చేయడానికి మాత్రం చాలా సందర్భాల్లో ఆ వస్తువు ఎలా పుట్టిందో తెలియాలి, ఆ దారిలో మళ్లీ నడవాలి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. 1904లో జర్మనీలో వెల్టె-మిన్యోన్ అనే ఒక రకం పియానో ఏర్పాటు వచ్చింది. అలాంటి పియానోలను ఇంగ్లీషులో ‘రీప్రొడ్యూసింగ్ పియానో’ అంటారు. ఒక పెద్ద విద్వాంసుడు వాయిస్తున్నప్పుడు ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు అన్నది కాగితపు చుట్ట మీద రంధ్రాల రూపంలోకి ఎక్కిస్తారు. తర్వాత ఆ చుట్టను పెడితే పియానో తనంతట తానే వాయిస్తుంది. లోపలి సుత్తులు నిజంగానే తీగల్ని కొడతాయి, గదిలో ఉన్నది నిజమైన పియానో శబ్దమే. గ్రామఫోన్ అయితే గాలిలో పుట్టిన శబ్దాన్ని పట్టుకుని తిరిగి వినిపిస్తుంది. ఈ పియానోలో శబ్దం ఏదీ దాచిపెట్టలేదు. వాయించిన తీరును దాచిపెట్టారు, శబ్దం ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. రీప్రొడ్యూస్ లోపలి ప్రొడ్యూస్ ఇంత స్పష్టంగా కనిపించే చోటు నాకు ఇంకోటి తగల్లేదు.

అలాగని గీత గీసినట్టు వేరు చేయలేం. బొమ్మలు, అచ్చు, శబ్దం విషయంలో రీప్రొడ్యూస్, కాపీ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. తర్వాత వచ్చిన మైనపు గొట్టాల యంత్రాల్లో శబ్దాన్ని చెక్కే భాగం పేరు రికార్డర్, వినిపించే భాగం పేరు రీప్రొడ్యూసర్. గ్రామఫోన్ కూడా రీప్రొడ్యూస్ చేసేదే అని ఆ పేర్లే చెబుతున్నాయి. బొమ్మల విషయంలో ఈ మాట బాగా పాకింది 19వ శతాబ్దంలో, ఫొటోగ్రఫీ, అచ్చు యంత్రాలు పెరిగాక. మీరు గోడ మీద చూసిన రీప్రొడక్షన్ ఆ తరహాదే. ఒక చిత్రకారుడి అసలు చిత్రానికి అచ్చులో తీసిన ప్రతి. అక్కడ కాపీ అని రాయకుండా రీప్రొడక్షన్ అని రాయడంలో నిజాయితీ ఉంది. ఇది అసలుది కాదు, అసలుదని నమ్మించే ప్రయత్నమూ కాదు అని చెప్పడమది. అసలుదని చెప్పి అమ్మితే దాని పేరు ఫోర్జరీ.

అచ్చయిన బొమ్మను ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడండి. మనిషి ముఖం మాయమై చుక్కలు కనిపిస్తాయి. లేత నీలం, ముదురు గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు రంగుల చుక్కలే. చెంప మీది గోధుమరంగు కాగితం మీద ఎక్కడా లేదు, మన కంట్లో కలుస్తోంది. అచ్చు పనివాళ్లు ‘ఈ ఫొటో బాగా రీప్రొడ్యూస్ అవుతుంది’, ‘ఈ నీలం సరిగ్గా రీప్రొడ్యూస్ కాదు’ అనేది ఇందుకే. ఫోన్ తెర మీద వెలుగుతో మెరిసే కొన్ని రంగులను ఆ నాలుగు సిరాలు కలిపి తేలేవు. ఇక్కడ క్రియ వాడకం కూడా గమనించండి. ఇంగ్లీషులో ఫొటోనే కర్తగా పెట్టి ‘ద ఫొటో రీప్రొడ్యూసెస్ వెల్’ అంటారు. ఎవరు చేస్తున్నారన్న ఊసే ఉండదు. తెలుగులో ‘అచ్చులో బాగా వస్తుంది’ అంటే సరిపోయింది. అసలు రీప్రొడ్యూస్‌కు తెలుగులో సగం సార్లు ‘వచ్చు’ అనే క్రియే సరైన జవాబు. ఈ సంగతి గుర్తుంచుకోండి, బగ్ రిపోర్టు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక జీవుల సంగతి. రెండర్థాల్లో ఇది వెనక వచ్చి చేరినదని, నకలు అర్థమే అసలుదని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. 18వ శతాబ్దం దాకా యూరప్‌లో జీవులు పుట్టడాన్ని జెనరేషన్ అనేవారు. 1712లో ఫ్రాన్స్‌లో రెయోమ్యూర్ అనే శాస్త్రవేత్త క్రేఫిష్ అనే రొయ్యలాంటి నీటి జీవికి తెగిన కాళ్లు, డెక్కలు మళ్లీ మొలవడం గురించి రాస్తూ దాన్ని రీప్రొడక్షన్ అన్నాడు. బల్లికి తోక మళ్లీ మొలుస్తుంది చూశారా, అలాంటిది. అంటే ఆ మాట అప్పుడు పిల్లల గురించి కాదు, పోయిన అవయవం మళ్లీ రావడం గురించి. 1740లలో అబ్రహం ట్రెంబ్లే అనే శాస్త్రవేత్త హైడ్రా అనే చిన్న నీటి జీవిని ముక్కలుగా కోశాడు. ప్రతి ముక్కా పూర్తి హైడ్రాగా పెరిగింది. పోయిన భాగం మళ్లీ మొలవడమూ, కొత్త జీవి పుట్టడమూ ఒకే పనిగా కనిపించిన క్షణమది. 1749లో బ్యూఫాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన ‘ప్రకృతి చరిత్ర’ గ్రంథం రెండో సంపుటంలో సంతానం గురించిన అధ్యాయానికి రీప్రొడక్షన్ అనే పేరే పెట్టాడు. అలా ‘మళ్లీ రావడం’ అనే మాట పిల్లల దాకా వచ్చింది. ఇది తెలిశాక అమీబా, అచ్చుబొమ్మ ఒకే మాటలో ఉండటం నాకు వింతగా అనిపించడం మానేసింది.

ప్రొడ్యూస్‌కూ రీప్రొడ్యూస్‌కూ తేడా పాపకు చెప్పాలంటే కంచరగాడిదను చూపించండి. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. రెంటికీ పుట్టే కంచరగాడిదకు 63. ఆ 63 సరిగ్గా జతలు కుదరవు, అందువల్ల దానిలో బీజకణాలు సరిగా తయారు కావు. కాబట్టి గుర్రం, గాడిద కలిసి కంచరగాడిదను ప్రొడ్యూస్ చేశాయి. కంచరగాడిద మాత్రం, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప, రీప్రొడ్యూస్ చేయలేదు. తనలాంటిదాన్ని తిరిగి తేవడం దానివల్ల కాదు.

ఈ అర్థంలో వ్యాకరణం కూడా మారుతుంది. కుందేళ్లు త్వరగా రీప్రొడ్యూస్ చేస్తాయి అన్నప్పుడు ఇంగ్లీషులో కర్మ ఉండదు, ‘దేన్ని?’ అనే ప్రశ్నే రాదు. కర్మ లేకుండా, కర్త ప్రాణి అయితే నూటికి తొంభై సార్లు సంతానం అర్థమే. కర్మ ఉంటే, అది బొమ్మో రాతో ఫలితమో అయితే, మిగతా అర్థాలు. ఎక్కడైనా అనుమానం వస్తే నేను మొదట చూసేది ఈ రెండే: ఎవరు, దేన్ని.

తెలుగులో దీనికి బడి పుస్తకాల మాట ప్రత్యుత్పత్తి. పునరుత్పత్తి కూడా వాడుకలో ఉంది, అయితే కొందరు దాన్ని పోయిన భాగం మళ్లీ పెరగడానికి వాడతారు, అందుకని పాఠం రాసేటప్పుడు ఏది దేనికి వాడుతున్నామో మొదటే తేల్చుకోవాలి. సైన్సు పుస్తకం కాకపోతే ఈ రెండు మాటలూ బరువే. మన భాష ఒక్కో ప్రాణికి ఒక్కో క్రియ ఇచ్చింది. ఆవు ఈనుతుంది, పిట్ట గుడ్లు పెడుతుంది, పిల్లి పిల్లల్ని పెడుతుంది, మనిషి కంటుంది, అరటి పిలకలు వేస్తుంది, అమీబా రెండుగా చీలుతుంది. ఇంగ్లీషు వాక్యంలో జీవి పేరు ఉంటే దాని క్రియ వాడండి. అన్ని జీవులకూ కలిపి చెప్పాల్సినప్పుడే ప్రత్యుత్పత్తి అనండి. మనుషుల ఆరోగ్యం గురించి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. ఒక మందు రీప్రొడ్యూస్ చేసే శక్తిని దెబ్బతీయవచ్చు అని ఉంటే ‘పిల్లలు పుట్టే అవకాశం తగ్గవచ్చు’ అని రాస్తాను. ఆ వాక్యం చదివేది వైద్యుడు కాదు, ఆ మందు వేసుకోబోయే మనిషి.

డీఎన్ఏ విషయంలో మాత్రం రీప్రొడ్యూస్ అనరు, రెప్లికేట్ అంటారు. వైరస్ కూడా అంతే, సొంతంగా చీలదు, కణంలో దూరి ఆ కణం చేత తన ప్రతులు చేయిస్తుంది కాబట్టి రెప్లికేట్ అనడమే శాస్త్రవేత్తలకు ఇష్టం. రెప్లికేట్, డూప్లికేట్ రెండింట్లోనూ ఉన్నది లాటిన్‌లో మడతపెట్టడం అనే మాట. డూప్లికేట్ అంటే రెండు మడతలు, మన రెట్టింపు లాంటిది. అందుకే డూప్లికేట్‌లో ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం, రెండోది ఎలా వచ్చిందన్నది కాదు. డూప్లికేట్ తాళంచెవి అంటాం, రీప్రొడ్యూస్డ్ తాళంచెవి అని ఎవరూ అనరు.

ఇప్పుడు నా తప్పు. చాలా ఏళ్ల కిందట ఒక ఆరోగ్య కరపత్రం అనువదిస్తున్నాను. ఒక మొక్క సారం గురించి ఒక ప్రయోగంలో మంచి ఫలితాలు వచ్చాయని, తర్వాత ‘దీజ్ రిజల్ట్స్ హావ్ నాట్ బీన్ రీప్రొడ్యూస్డ్’ అని ఉంది. అప్పటికి నా తలలో రీప్రొడ్యూస్ అంటే తిరిగి అచ్చువేయడం. ‘ఈ ఫలితాలు ఇంకెక్కడా ప్రచురితం కాలేదు’ అని రాశాను. చదవడానికి సాఫీగా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు, అచ్చయింది. అసలు అర్థం వేరు. ఆ ఫలితం ఇంకెవరి ప్రయోగంలోనూ మళ్లీ రాలేదు, కాబట్టి అప్పుడే నమ్మకండి అని హెచ్చరిక అది. నా వాక్యం చదివినవాళ్లకు అది కొత్త విషయంలా, ఇంకా ఎవరికీ తెలియని రహస్యంలా కనిపించి ఉంటుంది. హెచ్చరిక కాస్తా ప్రకటన అయిపోయింది. ఒక డాక్టరు గారు చదివి ఫోన్ చేసి చెప్పారు. తర్వాతి ముద్రణలో ‘ఈ ఫలితాలు ఇంకెవరి ప్రయోగంలోనూ మళ్లీ రాలేదు’ అని మార్చాం. మొదటి ముద్రణ చదివినవాళ్లకు ఆ దిద్దుబాటు చేరిందో లేదో అనే బాధ ఇప్పటికీ ఉంది.

సైన్సులో ఈ మాటకు అంత బరువు ఉంది. ఒకరికి ఒకసారి వచ్చిన ఫలితం ఇంకా సైన్సు కాదు. 1989 మార్చిలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పాన్స్, ఫ్లైష్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు గది ఉష్ణోగ్రత దగ్గరే, బల్ల మీద పెట్టుకునే గాజు పరికరంలో అణు సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం, సాధించామని ప్రకటించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఎన్నో ప్రయోగశాలలు అదే చేసి చూశాయి. నిలకడగా ఎవరికీ రాలేదు. కొద్ది నెలల్లోనే శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది దాన్ని పక్కన పెట్టేశారు. వాళ్ల మాట నిలుస్తుందో లేదో తేల్చింది ఏ కోర్టూ కాదు. ‘రీప్రొడ్యూస్ కాలేదు’ అన్న రెండు మాటలే దాన్ని తేల్చేశాయి.

ఇక్కడ సాంకేతికంగా ఒక చిక్కు ఉంది, పరిశోధన రంగంలో ఉన్నవాళ్లకు ఇది అవసరం. 2019లో అమెరికా జాతీయ అకాడమీలు ఇచ్చిన నివేదికలో రీప్రొడ్యూసిబిలిటీ అంటే అదే డేటా, అదే కోడ్, అదే పద్ధతి తీసుకుని లెక్క మళ్లీ వేస్తే అదే ఫలితం రావడం. రెప్లికబిలిటీ అంటే అదే ప్రశ్నకు కొత్తగా డేటా సేకరించి చూసినా పొసగే ఫలితం రావడం. మొదటిది లెక్క సరిగా చేశారా అని అడుగుతుంది, రెండోది లోకం నిజంగా అలాగే ఉందా అని అడుగుతుంది. కానీ ఈ రెండు మాటలూ అన్ని రంగాల్లో ఒకేలా లేవు. కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏసీఎం చాలాకాలం వీటిని సరిగ్గా తలకిందులుగా వాడి, 2020లో అటువి ఇటు మార్చుకుంది. 2015లో మనస్తత్వ శాస్త్రంలోని 100 అధ్యయనాలను కొత్త మనుషులతో మళ్లీ చేసి చూస్తే, గణాంకాల ప్రకారం నిలబడ్డవి 36 శాతమే. 2019 నిర్వచనం ప్రకారం అది రెప్లికేషన్. ఆ పరిశోధన పత్రం శీర్షికలో ఉన్నది మాత్రం రీప్రొడ్యూసిబిలిటీ. కొలతల శాస్త్రంలో మళ్లీ వేరే లెక్క: అదే మనిషి అదే పరికరంతో వెంటవెంటనే కొలిస్తే అదే విలువ రావడం రిపీటబిలిటీ, వేరే చోట వేరే మనిషి వేరే పరికరంతో కొలిచినా రావడం రీప్రొడ్యూసిబిలిటీ. కాబట్టి పరిశోధన పత్రంలో ఈ మాట కనిపిస్తే ఆ పత్రం దానికి ఏ నిర్వచనం ఇచ్చిందో ముందు వెతకండి. తెలుగులో నేను ఒక్క పదం కోసం పాకులాడను. ‘అదే డేటాతో లెక్క మళ్లీ వేసినా’, ‘ప్రయోగం కొత్తగా చేసినా’ అని విప్పి రాస్తాను. పాఠకుడికి అర్థమయ్యేది అదే.

మీ బగ్ రిపోర్టుకు వద్దాం. ‘కెనాట్ రీప్రొడ్యూస్’ అంటే మీరు అబద్ధం చెప్పారనీ కాదు, బగ్ లేదనీ కాదు. మీరు రాసినట్టే చేసి చూశాం, మా దగ్గర రావట్లేదు అని. చూశారా, తెలుగులో సహజంగా వచ్చేది మళ్లీ ‘వచ్చు’ క్రియే. ‘ఆ ప్రాబ్లం మా దగ్గర రావట్లేదండీ’ అంటాం, ‘మేము దాన్ని పునరుత్పత్తి చేయలేకపోతున్నాం’ అని ఎవరూ అనరు.

దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. నేను పనిచేసిన ఒక యాప్‌లో ఇలాగే జరిగింది. అడ్రస్ మొత్తం టైప్ చేసి సేవ్ నొక్కితే ఫారం ఖాళీ అయిపోతోందని ఒకామె రిపోర్టు పెట్టారు. టెస్టర్ పదిసార్లు చేశాడు, పదిసార్లూ సేవ్ అయింది. కెనాట్ రీప్రొడ్యూస్ అని మూసేశారు. ఆవిడ మళ్లీ తెరిచారు, కాస్త కోపంగానే. అప్పుడు ఫోన్ చేసి, ఫోన్ చేతిలో పట్టుకున్నప్పటి నుంచి ఏమేం చేస్తారో ఒక్కొక్కటీ చెప్పమన్నాం. ఆవిడ ఫోన్ భాష తెలుగు. ఇంటి పేరు తెలుగు కీబోర్డుతో కొడుతున్నారు. పిన్‌కోడ్ కొట్టడానికి కీబోర్డు మార్చి, మధ్యలో ఒకసారి బ్యాక్ నొక్కుతున్నారు. టెస్టర్ ఫోన్ ఇంగ్లీషులో ఉంది, అతను బ్యాక్ ఎప్పుడూ నొక్కలేదు. తెలుగు కీబోర్డు పెట్టి అదే వరుసలో చేయగానే అతని చేతిలోనూ ఫారం ఖాళీ అయింది. గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. బయటివాళ్లకు వింతగా ఉంటుంది, తప్పు వచ్చినందుకు సంతోషమేమిటని. కానీ ఒక తప్పును కోరుకున్నప్పుడు రప్పించగలిగామంటే దాని కారణం మన గుప్పిట్లోకి వచ్చినట్టే. సాయంత్రానికి సరిచేశారు.

అందుకే బగ్ రిపోర్టులో ‘స్టెప్స్ టు రీప్రొడ్యూస్’ అనే గడి ఉంటుంది. అక్కడ రాయాల్సింది ఏం జరిగిందో కాదు, ఏం చేస్తే జరుగుతుందో. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏ భాష, ఎక్కడ మొదలుపెట్టారు, ఏ వరుసలో నొక్కారు, ప్రతిసారీ వస్తోందా, అప్పుడప్పుడా. ఆ పియానో కాగితపు చుట్ట గుర్తుందా, ఇదీ అలాంటిదే. తెలుగులో ఆ గడికి పేరు పెట్టమంటే ‘ఏం చేస్తే వస్తుంది’ అని పెడతాను. మీ రిపోర్టును ఈ లెక్కన మళ్లీ రాసి పంపండి, ఎక్కువ సార్లు ఆ జవాబు మారుతుంది.

పుస్తకంలోని వాక్యానికి అనువాదంగా ‘నకలు తీయరాదు’ అని రాస్తుంటారు. అది చాలదు. చట్టాల్లో రీప్రొడక్షన్ చాలా వెడల్పైన మాట. రచయితల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం 1886 నాటిది, కానీ రీప్రొడక్షన్ హక్కును విడిగా, స్పష్టంగా అందులో చేర్చింది 1967లో స్టాక్‌హోమ్‌లో. అది తొమ్మిదో అధికరణం. ‘ఏ పద్ధతిలోనైనా, ఏ రూపంలోనైనా’ అని అక్కడ ఉంది. శబ్దంగా గానీ దృశ్యంగా గానీ రికార్డు చేసినా అది రీప్రొడక్షనే అని కూడా చేర్చారు. కాబట్టి జిరాక్స్ తీయడం ఒక్కటే కాదు. పేజీని ఫోన్‌తో ఫొటో తీయడం, టైప్ చేసి పెట్టడం, గట్టిగా చదివి రికార్డు చేయడం అన్నీ ఆ మాటలోకి వస్తాయి. కొన్ని ప్రత్యేక సందర్భాలకు మినహాయింపులు ఇచ్చుకునే వీలు దేశాలకు అదే అధికరణం ఇచ్చింది, కాబట్టి మీకు ఏది చెల్లుతుందో మీ దేశపు చట్టంలో చూడాలి. నేనైతే ఆ వాక్యాన్ని ‘ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ అనుమతి లేకుండా ఏ రూపంలోనూ తిరిగి వాడరాదు, ప్రతులు చేయరాదు’ అని రాస్తాను. బొమ్మల కింద ‘రీప్రొడ్యూస్డ్ విత్ పర్మిషన్’ అని ఉంటే ‘అనుమతితో ప్రచురించినది’ చాలు.

మిగతావి క్లుప్తంగా. పరీక్షలో బొమ్మను రీప్రొడ్యూస్ చేయమంటే చూడకుండా గుర్తున్నట్టు గీయడం. పాఠం విషయంలో దీనికి మన మాట ‘అప్పజెప్పడం’, ఇంత చక్కగా సరిపోయే మాట ఇంగ్లీషులో కూడా లేదనిపిస్తుంది. సమాజం గురించి రాసేవాళ్లు అసమానతలు రీప్రొడ్యూస్ అవుతాయి అంటారు, అంటే ఎవరూ పనిగట్టుకుని చేయకపోయినా ఒక తరం పరిస్థితే తర్వాతి తరంలోనూ కొనసాగడం. దాన్ని ‘తరతరాలుగా కొనసాగుతున్నాయి’ అనండి. అంటురోగాల లెక్కల్లో బేసిక్ రీప్రొడక్షన్ నంబర్ అని ఉంటుంది. ఎవరికీ రోగనిరోధకత లేని చోట ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందో చెప్పే అంకె. తట్టు వ్యాధికి 12 నుంచి 18 అని చెబుతారు. ఈ మాట జనాభా లెక్కల నుంచి వచ్చింది. అక్కడ ఒక స్త్రీ స్థానంలోకి సగటున ఎంతమంది ఆడపిల్లలు వస్తారన్నది లెక్క, ఇక్కడ ఒక కేసు స్థానంలోకి ఎన్ని కేసులు వస్తాయన్నది.

చివరగా మీరు అడిగిన చిన్న ప్రశ్న: ‘ఎర్రర్ రీప్రొడ్యూస్ అయింది’ అనొచ్చా? అనొచ్చు. ఇంగ్లీషులోనే ప్రోగ్రామర్లు ‘ఇట్ రీప్రొడ్యూసెస్ ఆన్ మై మెషీన్’ అంటారు, కుదించి ‘రీప్రో’ అని కూడా అంటారు. తెలుగులో ‘రీప్రొడ్యూస్ అయింది’ అంటే తప్పు తనంతట కనిపించిందని, ‘రీప్రొడ్యూస్ చేశాను’ అంటే మీరు కావాలని రప్పించారని. రిపోర్టు మళ్లీ తెరిచేటప్పుడు రెండోదే రాయండి, దాని కిందే మీరు నొక్కిన వరుస మొత్తం పెట్టండి.